చెయ్యి చూసుకో

పిల్లల్ని మాట్లాడేటప్పుడు కాదు, మాట్లాడబోయే ముందు చూడాలి అనేది ఇంటర్వ్యూ మేడమ్ సిద్ధాంతం. మాటలదేముంది, ఎవరైనా నేర్పుతారు. ప్రశ్న చెవిన పడ్డాక జవాబు నోట్లోంచి వచ్చేలోపు ఉండే కాస్త ఖాళీలోనే మనిషి సరుకు బయటపడుతుందని ఆమె అనేది. అందుకే ప్రాక్టీసు గదిలో కెమెరాను వెనక్కి జరిపించి, మొహంతో పాటు భుజాలూ చేతులూ బల్లా కూడా కనబడేలా పెట్టించింది.

ఆమె పనిచేసే కోచింగ్ సెంటరు పనే అది. స్కూలు చివరి ఏడాదిలో ఉన్న పిల్లల్ని పెద్ద కాలేజీల కంటికి ఆనేలా తయారు చేయడం. మార్కులు ఎలాగూ అందరికీ ఉంటాయి, మార్కుల పైన ఇంకేదో ఉండాలి. ఆ ఇంకేదో లేనివాళ్ళకు దాన్ని పుట్టించడంలో డైరెక్టరుది అందె వేసిన చెయ్యి. ఒక కుర్రాడి చేత మొక్కల సంరక్షణ సంఘం పెట్టించాడు. సంఘంలో సభ్యులు ఆ కుర్రాడూ, వాళ్ళింటి వాచ్‌మనూ. ఇంకో అమ్మాయిని వృద్ధాశ్రమానికి పంపి పాటలు పాడించాడు. పాపం ఆ ముసలివాళ్ళు పాటలన్నీ ఓపిగ్గా విని, ఆ పిల్ల బయల్దేరుతుంటే మా గదిలో ఫ్యాను తిరగడం లేదని ఎవరికైనా చెప్పమ్మా అన్నారట.

బాబిన్‌కి అలాంటివేవీ పుట్టించనక్కర్లేకపోయింది. ఆ పిల్ల తండ్రి కుట్టుమిషన్లు రిపేరు చేస్తాడు. తల్లి అదే కొట్లో ఓ పక్కన కూర్చుని బట్టలు కుడుతుంది. ఈ పిల్ల స్కూలు నుంచి రాగానే తండ్రి పక్కన చేరి మిషన్లు విప్పుతుంది. ఆ సంగతి తెలిశాక క్లాసు పిల్లలు మిషను అడుగున తిరిగే దారపు కండె పేరు తీసుకుని బాబిన్ అని పెట్టేశారు. చిన్నగా, గుండ్రంగా ఉండేదేమో, ఆ పేరే అతుక్కుపోయింది. మార్కులు చూసి డైరెక్టరే పిలిచి ఉచితంగా చేర్చుకున్నాడు. సీటు వస్తే ఫొటో బోర్డుకెక్కుతుంది, పేదపిల్ల ఫొటో ఉంటే బోర్డుకో కళ. బాబిన్ సంగతి వేరు. ఒకే ఒక్క కాలేజీ ఉంది, దాంట్లో ఎంపికైతే చదువూ, గదీ, తిండీ అన్నీ వాళ్ళవే. ఎంపిక కాకపోతే చదువు ఇక్కడితో సరి, ఇక మిషన్లే. తండ్రికి చూపు మందగిస్తోంది. సూదిలో దారం ఇప్పటికే ఈ పిల్ల ఎక్కించి ఇస్తోంది.

ఆ సోమవారం బాబిన్‌ని కెమెరా ముందు కూర్చోబెట్టి మేడమ్ అందర్నీ అడిగే ప్రశ్నే అడిగింది.

"నీకు బాగా తెలిసిన పని ఒకటి చెప్పమ్మా."

బాబిన్ వెంటనే నోరు విప్పలేదు. తల వంచి రెండు అరచేతులూ చూసుకుంది. తిప్పి వెనకవైపూ చూసుకుంది. తర్వాత వాటిని మెల్లగా బల్ల మీద ఆనించి, కళ్ళెత్తింది.

"మిషను పాడైందని వస్తారండీ. చాలాసార్లు మిషనుకేం ఉండదు, సూది తిరగేసి పెట్టి ఉంటారు. సరిచేయడం చిటికెలో పని. కానీ ఏళ్ళ తరబడి కుడుతున్నావిడతో, సూది మీరే తిరగేశారండీ అని చెప్పాలి కదా, అదే కష్టం. నవ్వకుండా చెప్పాలి. మా నాన్నయితే చెప్పడు. లోపల ఏదో బిగించినట్టు నటించి ఇచ్చేస్తాడు. నేను చెప్పేస్తాను. ఎలా చెప్పాలో నేర్చుకోడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది."

మేడమ్ పెన్ను కింద పెట్టేసింది. జవాబు బాగుంది, కాదని ఎవరన్నారు? కానీ ఆమె మనసు జవాబు మీద లేదు. ఆ చేతులు చూసుకోవడం! పిల్లను పంపించేసి వీడియో మళ్ళీ తిప్పి చూసింది. ఇంకోసారి చూసింది. ఆ పిల్ల తన లోపలికి దిగి, అడుగున ఉన్న నిజాన్ని ఏరుకుని పైకి తెస్తున్నట్టు కనిపించింది ఆమెకు. ఎవరు నేర్పారు దీనికి ఇది? ఎవరూ నేర్పలేదు, అదే కదా గొప్ప అనుకుని ఆమె ఆ పూటంతా పొంగిపోయింది.

మర్నాడు క్లాసులో తెర మీద అదే వేసింది. బాబిన్ వెనక బెంచీలో మొహం దాచుకుంది, పక్కపిల్ల మోచేత్తో పొడుస్తోంది.

"చూశారా? ప్రశ్న వినగానే మీద పడిపోలేదు. ఆగింది. చేతుల్లోకి చూసుకుంది. ఎదుటివాళ్ళేమనుకుంటారు? ఈ పిల్ల ఆలోచిస్తోంది, నిజం చెప్తోంది అనుకుంటారు. మీరూ ఉన్నారు, బస్సు వెళ్ళిపోతున్నట్టు మాట్లాడతారు! ఊఁ, ఒక్కొక్కరే రండి."

అందరి చేతా చేయించింది. ఒకడు అరచేతిని ముక్కు దాకా తెచ్చుకుంటే, "జోస్యం చెప్తావా నాయనా, కిందికి దించు" అంది. ఇంకో అమ్మాయి గోళ్ళ రంగు చూసుకుంటూ ఉండిపోయింది. డాక్టరు గారబ్బాయికి మాత్రం మొదటిసారే వచ్చేసింది. వాడు చేతులు విప్పి, చూసి, తిప్పి, ఒక్క ఊపిరి తీసుకుని తలెత్తేసరికి క్లాసంతా నిశ్శబ్దమైపోయింది.

"అబ్బ, పట్టేశావురా!" అంది మేడమ్.

గుమ్మంలో నిలబడి చూస్తున్న డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. "మేడమ్, ఇది మన సెంటరు ముద్ర. సాయంత్రం బ్యాచికి కూడా చెప్పేయండి. ఒక్కళ్ళూ మిగలకూడదు."

ఒక్కళ్ళూ మిగల్లేదు. గురువారానికల్లా నడవాలో నీళ్ళ కుండీ దగ్గర కూడా పిల్లలు ఒకరినొకరు ప్రశ్నలడుక్కుంటూ చేతులు చూసుకుంటున్నారు. బాబిన్ ఆ మధ్యలోంచి పుస్తకాల సంచి గుండెకు ఆనించుకుని నడిచి వెళ్ళిపోయేది. "ఏమే బాబిన్, నీ చూపు నాకొచ్చేసిందోచ్" అని ఎవరో అంటే నవ్వేది.

శుక్రవారం ఆ కాలేజీలో ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. సెంటరు పిల్లల్లో చాలామందికి ఆ రోజే పడింది, బాబిన్‌ది మర్నాడు. మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరే సెంటరుకు తిరిగి రాసాగారు. ముందు వచ్చినవాడు డాక్టరు గారబ్బాయి, ఆనందం పట్టలేకుండా ఉన్నాడు.

"మేడమ్, చేతులు చూసుకోగానే అక్కడో పెద్దాయన కళ్ళజోడు తీసేశాడు! ఏం చూస్తున్నావు బాబూ అనడిగాడు."

"నువ్వేం చెప్పావు?"

"మా నాన్న చేతులు గుర్తొచ్చాయండీ అన్నాను. ఆపరేషన్ నుంచి వచ్చాక ఆయన చేతులు వణికేవని, ఆ వణుకు చూసే నేను డాక్టర్ని అవ్వాలనుకున్నానని..."

"నిజంగా వణికేవా?"

వాడు కాస్త సిగ్గుపడ్డాడు. "మా నాన్న చర్మం డాక్టరండీ. ఆపరేషన్లు చేయడు."

మేడమ్ నవ్వేసింది. తెలివైన వాడు, పోనీలే అనుకుంది. తర్వాత వచ్చిన పిల్ల కూడా బాగా జరిగిందనే చెప్పింది. ఆ తర్వాత వచ్చినవాడు, వాళ్ళెందుకో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారండీ అన్నాడు. మేడమ్ చేతిలో టీ చల్లారిపోతోంది. చివర్లో వచ్చిన అమ్మాయి, గోళ్ళ రంగు పిల్ల, వస్తూనే ఏడుపు లంకించుకుంది.

"ఆ పెద్దాయన నవ్వాడు మేడమ్. మీ ఊళ్ళో పిల్లలందరికీ జవాబులు అరచేతుల్లోనే ఉంటాయా అమ్మా అన్నాడు. పక్కనున్నావిడ, ఇది ఎవరు నేర్పుతున్నారో కనుక్కోవాలి, రేపు కూడా ఎవరైనా చేస్తే సీటు లేదని చెప్పేద్దాం అంది. నాకింక ఒక్క మాట రాలేదు."

మేడమ్ టీ కప్పు పక్కన పెట్టేసింది. రేపు. రేపు ఆ బల్ల ముందు కూర్చోబోయేది బాబిన్. ఆ పిల్ల చేతులు చూసుకుంటుంది. ఎవరూ నేర్పకుండానే చూసుకుంటుంది, ఆ పెద్దాయన మళ్ళీ నవ్వుతాడు.

డైరెక్టరు గదికి పరుగెత్తినట్టే వెళ్ళింది. ఆయన అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంతేనా? మానేయమని చెప్పండి. దానికింత కంగారేమిటి?"

"అది ఆ పిల్లదండీ. ఆ పిల్ల దగ్గర తీసుకుని మనం అందరికీ పంచాం."

"ఎవరిదైతేనేం మేడమ్, ఇప్పుడు పనికిరాదు. మీరు నేర్పినవారు, మాన్పించలేరా?"

మేడమ్ తన గదికి తిరిగి వచ్చింది. ఆ పిల్ల ఇంటికి బయల్దేరే ముందు తన కుర్చీ వెనక వేలాడుతున్న నల్ల కోటు తీసుకుంది, ఇంటర్వ్యూకి తొడుక్కోడానికి బాబిన్‌కి అలాంటిది లేదని ఆమెకు తెలుసు.

కొట్టు వెతుక్కుంటూ వెళ్ళేసరికి సాయంత్రమైంది. ఒకే గది, వీధిలోకి తెరిచిన ముందు భాగం. ఒకవైపు తల వెనక్కి వాల్చిన మిషన్లు, వాటి పొట్టల్లోంచి తీసిన దారం ముక్కలు, నూనె డబ్బాలు, మూతల్లో మరలు. రెండోవైపు నేల మీద పరిచిన దుప్పటి, దాని మీద కుట్టాల్సిన బట్టలు, మల్లెపూవంత తెల్లటి పెళ్ళిబట్ట ఒకటి పైనే ఉంది. రెండు పక్కల మధ్యా జానెడు ఖాళీ. బాబిన్ మిషను అడుగున బ్రష్‌తో దులుపుతోంది.

"అయ్యో, మేడమ్ గారే వచ్చారు! కూర్చోండమ్మా," అని తల్లి కుర్చీ మీది బట్టలు తీసింది. "ఏమే, ఆ తెల్లబట్ట కాస్త జరుపు. చెయ్యి!"

బాబిన్ బ్రష్ పక్కన పెట్టి, గుడ్డకు తుడుచుకుని, చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుని ఆ బట్టను జరిపింది. మేడమ్ అప్పుడు ఆ పిల్లనెలా ఒప్పించాలా అని మాటలు వెతుక్కుంటోంది.

"చూడమ్మా," అంది చివరికి, "రేపు ఒక్కటి మాత్రం చేయకు. చేతులు చూసుకోకు."

"నేను కావాలని చేయడం లేదు కదండీ."

"తెలుసు. కానీ చేయకు. అక్కడ అందరూ అదే చేసి వచ్చారు. నువ్వూ చేస్తే నేర్చుకొచ్చావనుకుంటారు."

"నాదే కదండీ, వాళ్ళు నేర్చుకున్నది."

"అవునమ్మా." ఆ మాటకు మేడమ్ కళ్ళెత్తలేకపోయింది. "తప్పు నాదే. అది వాళ్ళకెలా చెప్తాం?"

అక్కడే ప్రాక్టీసు మొదలుపెట్టింది. మేడమ్ ప్రశ్న అడగడం, బాబిన్ కళ్ళు కిందికి వాలడం, మేడమ్ "వద్దు" అనడం. మళ్ళీ ప్రశ్న. మళ్ళీ "వద్దు". పిల్ల మెడ బిగుసుకుపోయింది. కళ్ళు ఎత్తి పెట్టుకుంటే మాట రావడం లేదు, మాట వస్తే కళ్ళు దిగిపోతున్నాయి. తండ్రి మిషను మీద వంగి వింటూనే ఉన్నాడు, ఒక మరను బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు.

"చేతులు ఇంట్లో వదిలేసి వెళ్ళమనండి మేడమ్ గారూ," అన్నాడు నవ్వుతూ. "మేం జాగ్రత్తగా చూసుకుంటాం."

ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆయన కూడా ఆ నవ్వు ఆపేశాడు.

"పోనీ చేతులు బల్ల మీద పెట్టనే పెట్టకు," అంది మేడమ్. "ఒళ్ళో పెట్టుకో, బల్ల కింద. కనబడకపోతే చూసుకోవు." తను తెచ్చిన కోటు పిల్లకు తొడిగి చూసింది. కోటు చేతులు పొడుగైపోయి వేళ్ళ కొనలు మాత్రం బయటికి వచ్చాయి. అదీ ఒకందుకు మంచిదేలే అనుకుంది. తల్లి దండం పెట్టి, మీ మేలు మరిచిపోమమ్మా అంటే, మేడమ్ చెప్పులు తొడుక్కోవడానికి తడబడింది.

మర్నాడు ఆమే వెంట వెళ్ళింది. వెళ్ళే పని లేదు, సెంటర్లో క్లాసులున్నాయి, అయినా ఇంట్లో కాలు నిలవలేదు. ఇంటర్వ్యూ గది తలుపుకు మొహమంత అద్దం ఉంది. వరండా బెంచీ మీద కూర్చుంటే పిల్ల వీపూ, ఎదుట ముగ్గురి మొహాలూ కనిపిస్తాయి. మాటలు వినబడవు.

బాబిన్ భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. చేతులు లేవు, బల్ల కింద ఉన్నాయి. ఎదుట కూర్చున్నావిడ ఏదో అడిగింది. పిల్ల తల కదల్లేదు. పెద్దాయన ముందుకు వంగి, చేత్తో గాల్లో సూదితో కుట్టినట్టు చేసి ఏదో అడిగాడు, దయగానే అడుగుతున్నట్టున్నాడు. మిషను సంగతే అయ్యుంటుంది. చెప్పమ్మా, నీ పనే కదా, చెప్పేయ్! మేడమ్ బెంచీ అంచు పట్టుకుని ఉండిపోయింది. లోపల బాబిన్ కుడి భుజం పైకి రాబోయి ఆగింది. మళ్ళీ రాబోయింది. మళ్ళీ ఆగింది. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుని పక్క కాగితం తీసుకుంది.

బయటికి వచ్చిన పిల్ల మొహంలో ఏడుపు కూడా లేదు.

"ఏమడిగారమ్మా?"

"దారం ఎందుకు తెగుతుందో చెప్పమన్నారండీ."

"అది నీకు తెలుసుగా!"

"తెలుసండీ. సూది వంగితే తెగుతుంది, బిగువెక్కువైతే తెగుతుంది, బాబిన్ కూర్చునే డబ్బీ అంచు గరుకెక్కినా తెగుతుంది. చూడండి, దారం ఇలా పైనుంచి వస్తుందా," అంటూ కోటు చేతులు పైకి లాక్కుని, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, వేళ్ళతో సూదినీ, దారాన్నీ, కింద తిరిగే బాబిన్‌నీ పట్టి చూపించింది. వరండాలో నిలబడి ఉన్న ఇంకో పిల్ల తండ్రి కూడా ఆగి వినేంత చక్కగా చెప్పింది. "ఇలా అయితే చెప్పగలనండీ. చేతులు కింద పెట్టుకుని చెప్పడం రాలేదు. ఎక్కడ కనబడతాయోనని వాటినే పట్టుకుని కూర్చున్నాను."

మేడమ్ లేచి ఆ తలుపు దాకా వెళ్ళింది. లోపల ఇంకో అబ్బాయి కూర్చుని ఉన్నాడు. తట్టడానికి చెయ్యి ఎత్తింది. ఏమని చెప్తుంది? మీరు నవ్విన నాటకం నేను నేర్పిందే, అది ఈ పిల్ల సొత్తు అనా? అలా చెప్తే సెంటరు పేరు పోతుంది, నిన్న వెళ్ళొచ్చిన పిల్లల గతీ అంతే. ఆమె ఉద్యోగమూ అంతే. చెయ్యి దింపేసుకుంది. వెనక నుంచి బాబిన్, "పదండి మేడమ్, బస్సులు రద్దీ అయిపోతాయి" అంది.

తర్వాతి వారం పేర్లు వచ్చాయి. డాక్టరు గారబ్బాయి పేరు ఉంది. బాబిన్ పేరు లేదు. డైరెక్టరు మిఠాయి పంచి, బోర్డు మీద వాడి ఫొటో పెట్టించాడు. అరచేతుల్లోకి చూసుకుంటున్న ఫొటోనే పెట్టమని ప్రత్యేకంగా చెప్పాడు.

"మరి వాళ్ళు కనిపెట్టేశారుగా?" అంది మేడమ్.

"ఆఖర్న చేసినవాళ్ళని కనిపెట్టారు. ముందు చేసినవాడికి సీటిచ్చారు. వచ్చే నెల వేరే కాలేజీల ఇంటర్వ్యూలు, వాళ్ళకిదేం తెలుసు? కొత్త బ్యాచికి మొదలుపెట్టండి. ఈసారి ఒక్కో పిల్లాడికి ఒక్కోలా పంచండి. ఒకడు చేతులు, ఒకడు కిటికీ, అలా."

ఆ మధ్యాహ్నం మేడమ్ తన గదిలో ఉండగా బాబిన్ వచ్చింది. కోటు తిరిగివ్వడానికి. మోచేతికి సంచి తగిలించుకుని మేడమ్ తెల్లటి బల్ల ముందు నిలబడింది. తల వంచి అరచేతులు చూసుకుంది, తిప్పి వెనకవైపూ చూసుకుంది. అప్పుడు సంచిలోంచి కోటు తీసి, మడత చెదరకుండా బల్ల మీద పెట్టింది.

"ఉతికి ఇస్త్రీ చేశానండీ. లోపల అస్తరు ఊడి ఉంటే అమ్మ కుట్టేసింది."

అస్తరు ఊడిందని మేడమ్‌కి తెలియనే తెలియదు. ఆమె చూపు మాత్రం ఆ పిల్ల చేతుల మీదే ఉండిపోయింది.

"ఇంకెందుకమ్మా అది? ఇక్కడ ఇంటర్వ్యూ ఏం లేదుగా."

"ఏదండీ?"

"అదే, చేతులు చూసుకోవడం."

"అదాండీ? నూనె ఉందేమోనని." బాబిన్ చేతులు చాపి చూపించింది. గోళ్ళ అంచుల్లో నలుపు గీతలు. "పొద్దుట్నించీ మిషన్ల దగ్గరే ఉన్నాను. మిషను నూనె అంటితే పోదండీ. మీ బల్ల కూడా తెలుపు కదా."

మేడమ్ కుర్చీలో ముందుకు జరిగింది. "ఆ రోజూ అంతేనా? కెమెరా ముందు?"

"అంతేనండీ. మా ఇంట్లో ఏం ముట్టుకోవాలన్నా ముందు చెయ్యి చూసుకోవాలి. ఒకరి బట్ట మీద మరక పడిందంటే అమ్మ ఆ రోజు అన్నం తినదు. చిన్నప్పట్నించీ చెయ్యి, చెయ్యి అని అరుస్తూనే ఉంటుంది. మీరూ విన్నారు కదండీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరడగలేదు కదండీ." పిల్ల కాస్త మొహమాటపడింది. "అంత బాగుందని మీరంటుంటే, నాకు తెలియకుండా అందులో ఇంకేదో ఉందేమో అనుకున్నాను."

డైరెక్టరు తలుపు తోసుకుని వచ్చాడు. "మేడమ్, కొత్త బ్యాచి కూర్చుని ఉంది. ఓహో, బాబిన్! మంచి సమయానికి వచ్చావు. రా, వాళ్ళకి ఒక్కసారి నువ్వే చేసి చూపించు."

"మిషను విప్పి పెట్టి వచ్చానండీ, నాన్నకి మరలు కనబడవు," అంది బాబిన్. వెళ్తూ తలుపు గడియను వేలి కొనతో మాత్రం పట్టుకుని, మెల్లగా మూసింది.

మేడమ్ క్లాసులోకి వెళ్ళేసరికి ఎవరో అప్పటికే తెర మీద వీడియో వేసేశారు. బాబిన్ తల వంచి చేతులు చూసుకుంటోంది. కింద కొత్త పిల్లలందరూ తలలు వంచి తమ చేతులు చూసుకుంటున్నారు. చక్కగా గోళ్ళు కత్తిరించుకున్న శుభ్రమైన చేతులు. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి తలెత్తింది.

"ఇలాగేనా మేడమ్?"

డైరెక్టరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మేడమ్ ఆ పిల్ల చేతుల వంక చూసింది. వాటి మీద చూసుకోవడానికి ఏమీ లేదు.

"ఇంకొంచెంసేపు చూడమ్మా," అంది.